తాతగారి 1973 ఫియట్‌లో కొత్త టర్బో ఇంజిన్ పెట్టొచ్చా? సుంకి ఘాటీ ఎక్కలేకపోతోంది

జయపురం ఫియట్:

అందరికీ నమస్కారం అండి. మాది జయపురం, కొరాపుట్ జిల్లా. మా తాతగారు 1973లో కొన్న ఫియట్ ఇంకా మా దగ్గరే ఉంది, ఆర్సీలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని ఉంటుంది, పద్మిని అనే పేరు ఆ తర్వాత వచ్చింది, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఫియటే. 1089 సీసీ, గేరు స్టీరింగ్ కిందే, నాలుగు గేర్లు. పాత ఒడిశా నంబరే, ఆర్సీ రెన్యువల్ కూడా చేయించాం. బాడీ బాగుంది, కింద ఫ్లోర్ మాత్రం రెండు చోట్ల ప్యాచ్ వేయించాను.

సమస్య ఏటంటే అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. ప్రతి సంక్రాంతికీ ఈ కారులోనే వెళ్తాం, నాన్నకి 71 ఏళ్లు, వేరే కారు ఉన్నా పండక్కి మాత్రం ఫియట్ తియ్యరా అంటారు. వెళ్లేటప్పుడు దిగడమే కాబట్టి పర్లేదు. తిరిగొచ్చేటప్పుడు సాలూరు దాటి ఒడిశా వైపు కొండ దారి, సుంకి ఘాటీ, ఎక్కాలంటే ప్రాణం పోతుంది. మొన్న జనవరిలో మూడు చోట్ల ఆపాను. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది, ఇంకోచోట పెట్రోల్ అందక ఆగిపోతే నాన్న దిగి పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ వేసి పావుగంట కూర్చోబెట్టారు. వెనకాల బాక్సైట్ లారీలు హారన్లు, అమ్మ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది, నాకు చాలా బాధేసింది.

విశాఖలో ఒకాయన దగ్గర యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసిన 1 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంది, గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), వైరింగ్ అన్నీ కలిపి 85 వేలు అంటున్నాడు. 100 హార్స్‌పవర్. ఇంజిన్ చిన్నదే కదా, మన ఫియట్ బానెట్‌లో సుఖంగా పడుతుంది అనిపిస్తోంది. బయటకి ఏమీ మారకూడదు, లోపల మాత్రం కొత్త ఇంజిన్. ఎవరైనా చేశారా? ఇంకా ఏం మార్చాలి? ఖర్చు ఎంత వరకు వెళ్తుంది? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, వచ్చే వారం అడ్వాన్స్ ఇవ్వాలి.

విశాఖ లేత్:

అడ్వాన్స్ ఆపండి బ్రదర్, ముందు ఇది చదవండి.

ఇంజిన్ బానెట్‌లో పడటం పెద్ద విషయం కాదు, ఫియట్ బానెట్ కింద చోటు చాలానే ఉంటుంది. అసలు చిక్కు ఏంటంటే మీరు చెప్తున్న ఇంజిన్ ముందు చక్రాలు తిరిగే బండిది, అంటే బానెట్‌లో అడ్డంగా కూర్చుంటుంది, దాని గేర్‌బాక్స్‌లోనే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు) కలిసి ఉంటుంది, రెండు పక్కలకీ షాఫ్ట్‌లు వెళ్తాయి. మీ ఫియట్‌లో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, చివర్న డిఫరెన్షియల్ ఉండే వెనక హౌసింగ్. కాబట్టి ఆయన ఇచ్చే గేర్‌బాక్స్ మీకు పనికిరాదు, అందులో ఇనుము విలువే మీకు మిగులుతుంది. ఈ ఇంజిన్‌ని నిలువుగా తిప్పి వేరే గేర్‌బాక్స్‌కి కలపాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేట్ మిషనింగ్ చేయించాలి, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగ్ అన్నీ సెంటర్ తప్పకుండా కుదరాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్ కొన్ని వేల కిలోమీటర్లలో అరవడం మొదలుపెడుతుంది. నేను ఈ పనే చేస్తాను కాబట్టి చెప్తున్నా, ప్లేట్ కొయ్యడం ఒక రోజు పని, సెంటర్ పట్టడం వారం పని.

పాత గేర్‌బాక్స్ ఉంచుకుందాం అనుకుంటారేమో. మీ 1089 ఇంజిన్ టార్క్ 80 న్యూటన్ మీటర్లు కూడా ఉండదు. ఇప్పటి 1 లీటర్ టర్బోలు 150 నుంచి 175 దాకా ఇస్తాయి, అదీ 2000 ఆర్‌పీఎం దాటగానే. అంటే రెట్టింపు. ఆ గేర్లు, ఆ హాఫ్ షాఫ్ట్‌లు, హౌసింగ్‌లోని ఆ క్రౌన్ పినియన్ గేర్లు సగం బలానికి చేసినవి, పైగా 50 ఏళ్లు అరిగినవి. ఘాటీ మధ్యలో ఫస్ట్ గేరులో క్లచ్ వదిలితే ముందు ఏది తెగుతుందో ఎవరూ చెప్పలేం.

ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టి, సంప్, కూడా చూడాలి. పాత ఇంజిన్ సంప్‌లో లోతు భాగం ఫియట్ క్రాస్ మెంబర్‌ని తప్పించుకునేలా ఉంటుంది. కొత్తదాని లోతు ఇంకోచోట ఉంటే సంప్ కోసి వెల్డింగ్, పికప్ పైపు మార్చడం. టర్బో ఇంజిన్‌కి ఇది మామూలు ఇంజిన్ కన్నా ఎక్కువ జాగ్రత్తగా చెయ్యాలి, ఎందుకంటే టర్బోలోంచి వచ్చే ఆయిల్ దానంతట అదే కిందకి జారి సంప్‌లో పడాలి, ప్రెషర్ ఏమీ ఉండదు. ఆ రిటర్న్ పైపు ఎక్కడా పైకి వంగకూడదు, సంప్‌లో ఆయిల్ లెవెల్ కన్నా పైనే కలవాలి. వంగితే టర్బోలో ఆయిల్ నిలబడిపోయి సీల్ దాటి సైలెన్సర్‌లోకి వస్తుంది, నీలం పొగ. అందరూ టర్బో పోయింది అనుకుంటారు, తప్పు పైపుది.

పెట్రోల్ సంగతి ఇంకోటి. మీకున్నది ఇంజిన్ పక్కన మెకానికల్ పంపు, కార్బొరేటర్‌కి కొంచెం ప్రెషర్ చాలు. ఇంజెక్షన్ అంటే ట్యాంకులో కరెంటు పంపు, 3 నుంచి 4 బార్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ రకం అయితే ఇంజిన్ మీద ఇంకో పంపు 200 బార్ దాకా తోస్తుంది, అది క్యామ్ మీద నడుస్తుంది, దాన్ని ఈసీయూ కంట్రోల్ చేస్తుంది, దాంతో రోడ్డు పక్కన ఎవరూ ఆడుకోలేరు. ఆయన అమ్మేది ఏ రకమో అడిగారా? గాలి వెళ్లే దారిలో పెట్రోల్ చల్లే పోర్ట్ ఇంజెక్షన్ టర్బోలు కూడా ఉన్నాయి, 2014లో టాటా జెస్ట్‌లో వచ్చిన 1.2 రెవోట్రాన్ అలాంటిదే, 90 పీఎస్, 140 న్యూటన్ మీటర్లు. పాత బండిలో పెట్టాలంటే ఈ రకం కాస్త సులువు. కానీ అది కూడా అడ్డంగా కూర్చునే ఇంజినే.

రాయగడ 800:

అన్నా నేను చేశాను, ఫియట్‌లో కాదు, 1996 మారుతి 800లో. రాయగడ. మొత్తం చెప్తాను, దాచేది ఏమీ లేదు.

800 అంటే 796 సీసీ, 37 హార్స్‌పవర్, బండి బరువు 650 కిలోలు. ముందు చక్రాల బండి కాబట్టి లేత్ అన్న చెప్పిన నిలువు అడ్డం సమస్య నాకు లేదు. 3 సిలిండర్ల 1 లీటర్ టర్బో తెచ్చాను. ఇంజిన్ లోపల పెట్టడానికి పట్టింది 11 రోజులు. దాన్ని సరిగ్గా నడిపించడానికి 14 నెలలు. ఎక్కడ పోయాయి ఆ 14 నెలలు అంటే చాలావరకు వైరింగ్‌లో. నేను కొన్న సెట్‌లో ఈసీయూ ఉంది కానీ తాళం లేదు, దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ ఒప్పుకోదు, ఇంజిన్ ఒక సెకను వెలిగి ఆరిపోతుంది. అది సరిచేశాక యాక్సిలరేటర్ వైరు కాదు, ఎలక్ట్రానిక్ పెడల్, సరే పెడల్ తెచ్చాం. తర్వాత ఏబీఎస్ నుంచి స్పీడు సిగ్నల్ రావట్లేదని ఈసీయూ కంగారుపడి పవర్ తగ్గించేస్తుంది, 2500 దాటనివ్వదు. 800లో ఏబీఎస్ ఎక్కడిది. చివరికి ఒరిజినల్ ఈసీయూ పక్కన పెట్టి, మిగతా బండితో పనిలేకుండా నడిచే స్టాండలోన్ ఈసీయూ కొని ట్యూనింగ్ చేయించాను, అది ఒక్కటే ఇంజిన్ రేటు కన్నా ఎక్కువైంది.

సరే నడిచింది. అబ్బ, ఆ మొదటి రోజు రాయగడ నుంచి కొరాపుట్ వైపు కొండ ఎక్కుతుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి, అబద్ధం చెప్పట్లేదు, థర్డ్ గేరులో అలా లాగేస్తోంది, టర్బో ఈల వినపడుతోంది. రెండు నెలలు రాజాలాగ తిరిగాను.

తర్వాత ఒకరోజు ట్యాంకులో పావు వంతు పెట్రోలే ఉంది. మలుపు మీద మలుపు. 800 ట్యాంకు కార్బొరేటర్ కోసం చేసింది, లోపల పంపు చుట్టూ పెట్రోల్ నిలబెట్టే గిన్నె లాంటిది ఏమీ లేదు, మలుపు తిరిగితే పెట్రోల్ అంతా ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. మామూలు ఇంజిన్ అయితే ఒక దగ్గు దగ్గి మళ్లీ అందుకుంటుంది. టర్బో ఫుల్ బూస్ట్‌లో ఉన్నప్పుడు గాలి నిండుగా వచ్చి పెట్రోల్ తక్కువైతే లోపల వేడి ఒక్కసారిగా పెరిగి నాకింగ్ వస్తుంది, అంటే పెట్రోల్ దానంతట అదే పేలుతుంది. రెండో సిలిండర్ పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోయింది. ఒక్క మలుపు. మెకానిక్‌కి పంపుకి ఎప్పుడూ పెట్రోల్ అందేలా చిన్న సర్జ్ ట్యాంక్ పెట్టాలన్న సంగతి తెలీదు, నాకూ తెలీదు. మీరు ఏ ఇంజెక్షన్ ఇంజిన్ పెట్టినా సరే, టర్బో అయినా కాకపోయినా, పెట్రోల్ సంగతి మాత్రం ముందు చూసుకోండి అన్నా.

ఇంకోటి, దిగడం. ఎక్కే స్పీడు పెరిగితే దిగే స్పీడు కూడా తెలీకుండానే పెరిగిపోతుంది. నా బండిలో టర్బో వేడి బ్రేకు మాస్టర్ సిలిండర్ పక్కనే ఉండేది, హీట్ షీల్డ్ పెట్టలేదు, ఒకసారి దిగుతుంటే పెడల్ స్పాంజిలా అయిపోయింది. గేర్ మీద పట్టుకుని వచ్చాను. మీ ఫియట్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే కదా.

జయపురం ఫియట్:

అవునండి నాలుగూ డ్రమ్ములే, బ్రేకు బూస్టర్ లేదు. ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అడ్వాన్స్ ఇవ్వలేదు. టర్బో కాకుండా వెనక చక్రాల బండి ఇంజిన్ ఏదైనా ఉందా, గేర్‌బాక్స్‌తో సహా నిలువుగా పెట్టడానికి? జిప్సీది పెడతారని ఒకరు అన్నారు.

విశాఖ లేత్:

జిప్సీ ఇంజిన్ మంచి మాటే. 1298 సీసీ, ఇంజెక్షన్ మోడల్ అయితే 80 హార్స్‌పవర్, అయిదు గేర్లు. దాంట్లో ఇంకో సుఖం ఏంటంటే నాలుగు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్‌తో విడిగా ఉంటుంది, అది వదిలేసి గేర్‌బాక్స్ నుంచి నేరుగా మీ వెనక హౌసింగ్‌కి ప్రొపెల్లర్ షాఫ్ట్ చేయించుకోవచ్చు. ఈకో ఇంజిన్ కూడా నిలువుదే, వెనక చక్రాలే. కానీ గేరు రాడ్డు ఫ్లోర్ మీదకి వస్తుంది, స్టీరింగ్ గేరు పోతుంది. మీ నాన్నగారిని అడిగి అప్పుడు కొయ్యండి ఫ్లోర్.

సునాబెడ రిటైర్డ్:

బాబూ, నేను సునాబెడలో విమానం ఇంజిన్ల ఫ్యాక్టరీలో పని చేసి రిటైర్ అయిన వాణ్ణి. టర్బైన్లతోనే బతుకంతా గడిచింది, కాబట్టి టర్బో అంటే నాకు భయం లేదు, గౌరవం ఉంది. అది ఏం చేస్తుందో తెలిసి పెట్టుకో. సైలెన్సర్‌లోకి పోయే వేడి గాలి, పెట్రోల్ ఇంజిన్‌లో 800, 900 డిగ్రీలు, ఆ గాలితో ఒక చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లు పైన తిరుగుతుంది, అదే షాఫ్ట్ మీద రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతుంది, అంతే దానికి ఆధారం. ఘాటీ పైకి చేరగానే టీ కోసం టక్కున ఆపేస్తే ఆయిల్ ఆగిపోతుంది, వేడి ఆగదు, ఆ ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఇదంతా అలవాటు చేసుకోవాల్సిన డ్రైవింగ్. మీ నాన్న 71 ఏళ్ల వయసులో అది నేర్చుకోవాలా అని ఆలోచించు.

అసలు నాకు అడగాలనిపించింది వేరే. మా ఇంట్లోనూ అదే ఫియట్ 22 ఏళ్లు ఉంది. సునాబెడ నుంచి విజయనగరం నెలకోసారి, నలుగురం మనుషులం, డిక్కీలో బియ్యం బస్తా. సుంకి అప్పుడు ఇంత వెడల్పు కూడా కాదు. సెకండ్ గేరులో నిదానంగా ఎక్కేది, ఉడికేది కాదు. 40 హార్స్‌పవర్ తక్కువే కానీ ఆ కొండకి సరిపోయేది. ఇప్పుడు ఎక్కట్లేదు అంటే ఇంజిన్ చిన్నదని కాదు నాన్నా, అది జబ్బులో ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ప్రెషర్, ఎప్పుడు చూశావు? నాలుగు సిలిండర్లూ విడివిడిగా చూసి రాసుకో, ఒకటి బాగా తక్కువ ఉంటే అందులో నూనె చుక్కలు వేసి మళ్లీ చూడు, పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. సిలిండర్ల మీద మూతలా ఉండే ఆ హెడ్ అల్యూమినియం, అన్నిసార్లు ఉడికింది అంటున్నావు, చాలావరకు వంగే ఉంటుంది, విప్పి సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాల్సిందే.

రేడియేటర్ చెయ్యి పెట్టి చూడు, వేడెక్కాక పైన కాలుతూ కింద కొన్నిచోట్ల చల్లగా ఉంటే గొట్టాలు మూసుకుపోయినట్టు. యాభై ఏళ్ల నుంచి బోరు నీళ్లు పోస్తున్నాం అందరం, మూసుకోక ఏం చేస్తాయి. రీకోరింగ్ చేయించు, అంటే లోపలి గొట్టాలు కొత్తవి వేయించు, మూడు వరసలది పెట్టించు. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు సమయం జరిపే అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, టైమింగ్ వెనకబడితే బండి లాగదు, ఉడుకుతుంది, నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ అవే. పంపు దగ్గర పెట్రోల్ ఆవిరైపోవడానికి కూడా మూలం ఆ వేడే. పైపు సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పి మధ్యలో రేకు పెట్టు. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం మెత్తబడిపోతాయి, అన్నీ కొత్తవి వేయించు.

బ్రేకులకి లైనింగ్ కొత్తది, డ్రమ్ములు గుండ్రం తప్పాయేమో చూపించి లేత్ మీద తిప్పించు, వీల్ సిలిండర్ల కప్పులు మార్చు. ముందు ఇది చెయ్యి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు, ఇది మా నాన్న చెప్పాడు నాకు, నేను నీకు చెప్తున్నాను.

రాయగడ 800:

పెద్దాయనా మీ మాట కాదనను కానీ ఒక విషయంలో ఒప్పుకోను. కొండ మీద టర్బోకి న్యాయం ఉంది. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పల్చన, మామూలు ఇంజిన్ వెయ్యి మీటర్లకి పదో వంతు పవర్ పోగొట్టుకుంటుంది, అంటే ఫియట్ 40 కాస్తా 36 అవుతుంది. టర్బో ఆ లోటు గాలి తనే తోసేస్తుంది. అందుకే మా వైపు కొండల్లో టర్బో డీజిల్ జీపులు అంత బాగా లాగుతాయి. సరిగ్గా చేసిన టర్బో ఫియట్ ఒకటి సుంకి ఎక్కితే చూడాలని నాకు మాత్రం ఉంది. నా పిస్టన్ విరిగినా నాకు ఆ ఇష్టం పోలేదు. కాకపోతే తాతగారి కారు మీద చెయ్యొద్దు అన్నా, దానికి వేరే బాడీ కొనుక్కోండి.

సునాబెడ రిటైర్డ్:

ఆ నాలుగు హార్స్‌పవర్ లెక్క నిజమే. ఒప్పుకుంటాను.

పర్లాకిమిడి ఆర్సీ:

ఎవరూ కాగితాల సంగతి ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి కొన్నిటికి షరతులతో దారి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని పెట్టారు. జరిమానా ఒక ఎత్తు, ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు బండిలో లేకపోతే రేపు ఘాటీలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో ఆలోచించండి. మీది రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బండి, సుంకి చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా బానెట్ ఎత్తమంటే చాలు. రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కూడా ఇంజిన్ నంబరు చూస్తారు.

ఇంకో విషయం, మీ కారుకి 50 ఏళ్లు దాటాయి. 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఇంజిన్ మార్చిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. అయితే మీరు తొందరపడి వింటేజ్‌కి కూడా వెళ్లకండి, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ వాడకానికి రోడ్డు మీద తిప్పనివ్వరు, ర్యాలీ, ప్రదర్శన, రిపేరు లాంటి వాటికే. సంక్రాంతికి బొబ్బిలి వెళ్లాలంటే మామూలు ఆర్సీయే మీకు మంచిది, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోండి.

జయపురం ఫియట్:

మళ్లీ వచ్చాను. ముందు సునాబెడ బాబాయ్ గారికి, బాబాయ్ అంటున్నాను ఏమీ అనుకోకండి. మీరు చెప్పినట్టు నిన్న కంప్రెషన్ చూపించాను. మూడో నంబరు సిలిండర్ 70, మిగతా మూడూ 120 దగ్గర ఉన్నాయి. ఆ 70 దాంట్లో నూనె వేస్తే పెరగలేదు. డిస్ట్రిబ్యూటర్ విప్పితే బరువులు ఒకటి అసలు కదలట్లేదు, నేను ఇన్నేళ్లూ దానికి స్పార్క్ ప్లగ్గులే మారుస్తూ కూర్చున్నాను. రేడియేటర్ కింద సగం చల్లగానే ఉంది.

నాన్నకి రాత్రి ఇదంతా చదివి వినిపించాను. స్టీరింగ్ గేరు పోతుంది అన్న దగ్గర ఆగమన్నారు, ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఏం మాట్లాడలేదు, పొద్దున్నే లేచి కారు మీద కవరు తీసి తుడుస్తున్నారు. దాంతో నాకు అర్థమైంది. విశాఖ ఆయనకి ఫోన్ చేసి ఇంజిన్ వద్దని చెప్పేశాను.

ఆదివారం హెడ్ దింపుతాం, మా పక్క వీధిలో అంబాసిడర్లు చేసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, చేతులు వణుకుతాయి కానీ చెవి ఇంకా పనిచేస్తుంది, ఆయనే దగ్గరుండి చూస్తానన్నారు. రేడియేటర్ సాలూరు పంపుతున్నాను, అక్కడ లారీలకి రీకోరింగ్ చేసేవాళ్లు మూడు వరసలది కడతామన్నారు. డ్రమ్ములు లేత్ అన్న దగ్గరకి తేవచ్చా? నాలుగూ ఒకేసారి విప్పి తెస్తాను, ఏ రోజు ఖాళీగా ఉంటారో చెప్పండి.

విశాఖ లేత్:

బుధవారం తీసుకురండి. హబ్‌లతో సహా తేండి, బేరింగ్ మీద పెట్టి తిప్పితేనే సెంటర్ నిలబడుతుంది.

రాయగడ 800:

హెడ్ బోల్టులు బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడమనండి ఆ మెకానిక్ గారిని, లేకపోతే నాది ఉంది, రాయగడ వచ్చి పట్టుకెళ్లండి. సంక్రాంతికి సుంకి ఎక్కేటప్పుడు ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి, నేను పొట్టంగి దగ్గర నిలబడతాను.